అరువు తెచ్చిన కళ్ళు

తొంభైల నడిమి రోజుల్లో రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక మందుల షాపు మేడ మీద, నేనూ నా స్నేహితురాలూ కలిసి డీటీపీ సెంటర్ పెట్టుకున్నాం. ఇద్దరం డిగ్రీ అయ్యాక ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాం. ఇద్దరాడపిల్లలు సొంతంగా షాపు పెట్టడమేంటని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు గానీ, మా నాన్న కంప్యూటరూ వాళ్ళ నాన్న స్కానరూ ప్రింటరూ కొనిపెట్టాక ఆ మాటలు సద్దుమణిగాయి. ఉన్నది ఒకటే కంప్యూటర్. పొద్దున పూట నేను కూర్చునేదాన్ని, మధ్యాహ్నం నుంచి ఆమె.

ఆమె బొమ్మలు బాగా వేసేది. చిన్నప్పటి నుంచీ నీళ్ళరంగులు అలవాటు. అందుకే ఫోటోషాప్ చేతికి రాగానే ఇక అదే లోకం అయిపోయింది. పెళ్ళికార్డు వచ్చినా అందులోనే చేస్తాననేది, విజిటింగ్ కార్డు వచ్చినా అందులోనే. నాకు అక్షరాలంటే ఇష్టం. పుస్తకం పనికి పేజ్‌మేకరు, కార్డులకీ బోర్డులకీ లేబుళ్ళకీ కోరల్‌డ్రా, ఫోటో ఉంటేనే ఫోటోషాప్ అని నేననేదాన్ని. దీని మీద మా ఇద్దరికీ రోజూ వాదనే. రావులపాలెం అరటి వ్యాపారి ఒకాయన గెలల మీద అంటించే లేబుల్ కోసం వచ్చి, మా వాదన ముగిసేదాకా ఓపిగ్గా టీ తాగుతూ కూర్చుని, “ఏదో ఒకదాంట్లో చెయ్యండమ్మా, కాయ మాత్రం పచ్చగా ఉండాలి” అన్నాడొకసారి.

వచ్చినవాళ్ళకి తేడా చెప్పడం నాకు సరదాగా ఉండేది. కోరల్‌లో గీసిన గీత గీతగానే ఉంటుందండి, అగ్గిపెట్టె మీద ఎంత నున్నగా ఉంటుందో గోడంత చేసినా అంతే నున్నగా ఉంటుంది అనేదాన్ని. ఫోటోషాప్‌లో బొమ్మంతా చుక్కలు. చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నంతసేపూ అది మొహంలా, మామిడాకులా కనిపిస్తుంది. మరీ పెద్దది చేస్తే చుక్కలు పెద్దవవుతాయి తప్ప కొత్తగా ఏమీ కనబడదు. ఫోటోలో లేనిది ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో. చెప్పాల్సిన చోట మాత్రం గట్టిగా చెప్పలేకపోయాను.

ఆ సంగతికి ముందు రొయ్యల మేత సంచి గురించి చెప్పాలి. భీమవరం నుంచి ఒకాయన వచ్చి తన మేత సంచి మీద వేయడానికి కొత్త బొమ్మ కావాలన్నారు. ఆ పని మా ఇద్దరిలో ఎవరం చెయ్యాలన్న మాట రాకముందే నా స్నేహితురాలు మొదలుపెట్టేసింది. ఎంత అందంగా వేసిందంటే, రొయ్య వీపు మీద వెలుగు పడి మెరుస్తున్నట్టు, మీసాలు నీళ్ళలో కదులుతున్నట్టు ఉంది. నేను కూడా కాసేపు చూస్తూ నిలబడిపోయాను. కానీ సంచులు అచ్చువేసేవాళ్ళు అది తమవల్ల కాదని తిప్పి పంపారు. ఆ నేత సంచి మీద ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు ఉంటుంది. ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి కలిసిపోవడమనేది అక్కడ కుదరదు. భీమవరం ఆయనకి తొందర. నేను కూర్చుని కోరల్‌లో మూడే రంగులతో, నిండు రంగుల్లో, గట్టి గీతలతో ఒక రొయ్యని గీసి ఇచ్చాను. అది ఆయనకి నచ్చింది. చాలా ఏళ్ళు ఆ సంచులు భీమవరం రోడ్ల మీద ఆటోల్లో కనిపించేవి.

నా స్నేహితురాలు తన రొయ్యని ఒక కాగితం మీద ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేనేం చెప్పినా, “సర్లేవే, నీకే తెలుసు కదా” అనేది. ఆ మాట నాకు గుచ్చుకునేది. ఈసారి ఏదైనా వస్తే ఆమె మాటే నెగ్గనివ్వాలని మనసులో అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చారాయన. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే గుమస్తా. ముప్ఫై దాటి కొద్ది ఏళ్ళే ఉంటాయి. చొక్కా నలగకుండా ఇస్త్రీ చేసుకుని, గడ్డం మాత్రం గీసుకోవడం మర్చిపోయినట్టు ఉన్నారు. భార్య కామెర్లతో పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకానికి ఆవిడ ఫోటో ఒకటి పెద్దది గోడకి పెట్టాలి. పెళ్ళి ఆల్బమ్ కోనసీమలో అత్తగారింట్లో ఉండిపోయిందనీ, తుఫానుకి కప్పు లేచిపోయి ఆల్బమంతా నీళ్ళలో నాని ఒకటే ముద్దయిపోయిందనీ చెప్పారు. ఒక్కో ఫోటో విడదీయబోతే రంగంతా పక్కదానికి అంటుకుని వచ్చేసిందట. ఉన్నదల్లా ఒక్క గ్రూపు ఫోటో. ఆఫీసువాళ్ళందరూ కుటుంబాలతో ఆనకట్ట మీద నిలబడి తీయించుకున్నది. అది కూడా తోటి ఉద్యోగిది. జాగ్రత్తగా తిరిగిచ్చేయాలన్నారు.

ఆవిడ వెనక వరసలో ఉంది. మొహం చిటికెనవేలి గోరంత కూడా లేదు. ఎండ ఎదురుగా ఉండడం వల్ల కళ్ళు చికిలించుకుంది. పైగా గాలికి ఎవరిదో పమిట ఎగిరి పెదవులకి కాస్త అడ్డం వచ్చింది. స్కాన్ చేసి పెద్దది చేసి చూశాం. నుదురు తెలుస్తోంది. పాపిడి తెలుస్తోంది. ఒక చెవీ, దానికున్న దుద్దూ తెలుస్తున్నాయి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి రెండు నల్లటి మరకలు.

ఆయన స్క్రీను వైపు చూసి, “ఆవిడేనండి” అన్నారు. ఆ మరకల్లో ఆయనకి మనిషి కనిపిస్తోంది.

ఇది ఫోటోగా పెద్దది రాదని నాకు అర్థమైంది. నేను ఇంకో దారి చెప్పాను. కోరల్‌లో గీతల్లో వేద్దాం, తల ఆకారం, పాపిడి, చెవి, భుజం మీద జడ, ఇంతవరకు ఈ ఫోటోలో ఉన్నట్టే వస్తాయి, కళ్ళు వాల్చుకున్నట్టు ఒక గీత పెడదాం, ఎంత పెద్దదైనా చెదరదు అన్నాను. ఆయన మర్యాదగా విన్నారు. తర్వాత నెమ్మదిగా, “బొమ్మ వద్దండి. ఫోటో కావాలి. పాపకి నాలుగేళ్ళు కూడా లేవు. రేపు పెద్దదయ్యాక మీ అమ్మ ఇదీ అని చూపిస్తే మొహం కనబడాలి కదండీ” అన్నారు.

నా స్నేహితురాలు స్క్రీను మీద నుంచి చూపు తిప్పకుండానే, ఆవిడకి అక్కచెల్లెళ్ళున్నారా అని అడిగింది. ఒక చెల్లెలుందన్నారు. అచ్చం అక్కలాగే ఉంటుందని అందరూ అంటారట. ఆ చెల్లెలి ఫోటో ఒకటి, నేరుగా చూస్తున్నది తెచ్చిపెట్టమంది.

ఆయన వెళ్ళాక నేనడిగాను. చెల్లెలి కళ్ళు పెడతావా అని. “పెడితే ఏంటే? ఉన్నవాటిలో దగ్గరవి అవే కదా. ఆయనకి మొహం కావాలి, మనం ఇద్దాం” అంది. అలా చేస్తే అది ఆవిడ మొహం అవుతుందా అనాలని నోటిదాకా వచ్చింది. మేత సంచి గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

ఆమె ఆ పని చేసిన తీరు ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టుంది. చెల్లెలి పాస్‌పోర్టు సైజు ఫోటో నుంచి కళ్ళూ పెదవులూ తీసుకుని ఒక పొర మీద పెట్టుకుంది. అడుగు పొరలో అక్క మొహం. పైదాన్ని పలచన చేసి, కిందదానికి సరిపోయేలా జరుపుతూ, అంచుల్ని మెత్తబరుస్తూ, నీడలు కలుపుతూ, రోజూ మధ్యాహ్నం కాఫీ చల్లారిపోయేదాకా అందులోనే ఉండేది. మధ్యలో ఒకసారి, “ఈవిడ బాగా నవ్వే మనిషే, బుగ్గ దగ్గర తెలుస్తోంది చూడు” అంది. ఎన్నాళ్ళనుంచో తెలిసిన మనిషి గురించి మాట్లాడుతున్నట్టు. చివరికి వచ్చిన మొహం చూస్తే నిజంగానే ఒక మనిషి మనవైపు చూస్తున్నట్టుంది. అంత పని రాజమండ్రిలో అప్పట్లో ఇంకెవరూ చేయగలిగేవారు కాదు. ఆ మాట నేను ఈరోజుకీ అంటాను.

ఆయన వచ్చి ప్రింటు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూశారు. నచ్చలేదేమోనని నేను భయపడ్డాను. తర్వాత నా స్నేహితురాలికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఆమె కంగారుపడి లేచి నిలబడింది. కళ్ళు ఎవరివో ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు. మరదలి ఫోటో ఎందుకు తెమ్మన్నామో ఆయనకి తెలియకపోలేదు. ఆ క్షణంలో తెలుసుకోదల్చుకోలేదంతే.

గ్రూపు ఫోటో తిరిగిచ్చేశాం. మా హార్డ్ డిస్కు చిన్నది, ఎప్పుడూ నిండిపోయే ఉండేది. పని అయిపోగానే పొరలన్నీ కలిపి ఒకటి చేసి, స్కానుల్ని తీసేయడం మాకు అలవాటు. ఇదీ అంతే చేశాం. ఆ గ్రూపు ఫోటోలోంచి ఆవిడున్న ముక్కని ఉన్నదున్నట్టుగా ఒక చిన్న ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాలన్న ఊహే ఇద్దరికీ రాలేదు. వచ్చుంటే నిమిషాల్లో అయిపోయే పని.

ఆ తర్వాత నా స్నేహితురాలికి పెళ్ళై విశాఖపట్నం వెళ్ళిపోయింది. అక్కడ కొన్నాళ్ళు ఒక స్టూడియోలో చేసి, పిల్లలు పుట్టాక మానేసింది. నేను షాపు నడుపుకుంటూ వచ్చాను. నాకూ పెళ్ళైంది, మావారిది ఇదే ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం. ఫ్లెక్సీలొచ్చాయి, సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లొచ్చాయి, పేజ్‌మేకర్ పక్కకి పోయింది. మేడ మీద నుంచి కిందికి, రోడ్డు మీద గదికి మారాను. షాపు పేరు మాత్రం పాతదే.

ఆ పేరు పట్టుకునే వెతుక్కుంటూ వచ్చింది ఆ ధవళేశ్వరం గుమస్తాగారి అమ్మాయి. భీమవరంలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. సంచిలోంచి టవల్లో చుట్టిన ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది. నేను వెంటనే గుర్తుపట్టాను. అప్పటి ఇంకులు ఎన్నాళ్ళో నిలిచేవి కావు. నీలం, పచ్చ వెలిసిపోయి మొహమంతా ఎర్రటి మట్టి రంగుకి తిరిగింది. గోడకి ఒకటి కొత్తది కావాలనీ, హాస్టల్ గదిలో పెట్టుకోవడానికి ఇంకో చిన్నది కావాలనీ చెప్పింది. తర్వాత అసలు సంగతి అడిగింది.

కాలేజీ ల్యాబులో ఈ ఫోటో స్కాన్ చేసి రంగులు తనే సరిచేద్దామనుకుందట. ఫోటోషాప్ కొంచెం వచ్చు. పెద్దది చేసి చూసిందట.

“మొహమంతా నూగునూగుగా ఉంది ఆంటీ. కళ్ళ దగ్గర మాత్రం నున్నగా ఉంది. పెదాలు కూడా అంతే. అలా ఎందుకుంది?”

వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చే సీసా ఉంటే దాంట్లోంచి నేనే తాగాను. ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. పాత సాఫ్ట్‌వేరమ్మా, అలాగే వచ్చేది అంటే నమ్మేసేదే. కానీ ఆ పిల్ల కష్టపడి కనిపెట్టి వచ్చింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కూర్చోబెట్టి, ఆనకట్ట మీద తీసిన గ్రూపు ఫోటో దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పాను.

“అయితే ఈ కళ్ళు ఎవరివి?”

“మీ పిన్నివమ్మా.”

ఆమె ఫ్రేముని తనవైపు తిప్పుకుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

“అందరూ నాకు అమ్మ కళ్ళొచ్చాయంటారు,” అంది. “ఈ ఫోటో చూసే అంటారేమో మరి.” ఆ తర్వాత, “ఇందులో అమ్మవి ఏవి ఆంటీ?” అని అడిగింది.

నేను వేలితో అద్దం మీద చూపించాను. నుదురు, పాపిడి, ఈ చెవి, చెవి దుద్దు. ముక్కు చాలావరకు. గడ్డం. బుగ్గ దగ్గర ఈ మలుపు. నేను చూపించిన ప్రతిచోటా ఆమె తన వేలు పెట్టి చూసుకుంది. తర్వాత తన చెవిని తడుముకుంది. ఆ చెయ్యి అలా వెళ్ళిందని ఆమెకే తెలియనట్టుంది.

అసలు ఫైలు ఉందేమో వెతకమంది. పాత సీడీలన్నీ వెతికాను. పొరలు కలిపేసిన ఒక్క ఫైలు దొరికింది. అందులోంచి పైవాటిని విడదీసి కిందిదాన్ని బయటికి తీయడం కుదరదని ఆమెకి నేను చెప్పక్కర్లేకపోయింది, తెలుసు. గ్రూపు ఫోటో సంగతి అడిగితే, ఆ ఉద్యోగి ఎప్పుడో బదిలీ అయి వెళ్ళిపోయారనీ, నాన్న ఒకసారి ఆ ఫోటో కోసం ప్రయత్నిస్తే ఆయనే కాలం చేశారని తెలిసిందనీ చెప్పింది. ఆయన ఇంట్లోవాళ్ళెవరికీ అది ఎక్కడుందో తెలీదట. ఇవాళ్టి స్కానర్లతో ఆ ఫోటో నుంచి ఇంకాస్త రాబట్టగలిగేవాళ్ళమేమో. కళ్ళు రాకపోవచ్చు. చికిలించిన ఆ చూపైనా వచ్చేది.

ప్రింటు ఇవ్వనా అని అడిగితే, నాన్నని అడిగి వస్తానని ఫ్రేము మళ్ళీ టవల్లో చుట్టుకుంది.

తర్వాతి ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయనకి జుట్టు నెరిసింది. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నారు. నన్ను తిడతారని సిద్ధపడి ఉన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, మీ స్నేహితురాలు బాగున్నారా అని ముందు ఆమెనే అడిగారు. విశాఖలో ఉందని చెప్పాను. తల ఊపారు.

“మీరేం తప్పు చేశారమ్మా, అడిగింది నేను కదా,” అన్నారు. “నాకు అప్పుడే తెలుసు కళ్ళు మా మరదలివని. ఏడాదో రెండేళ్ళో ఆ తేడా తెలిసేది. తర్వాత పోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకూ ఈ మొహమే వస్తుందండి. ఆవిడ చూపు ఎలా ఉండేదో ఎంత గుర్తుతెచ్చుకున్నా రావట్లేదు.”

కూతురు ఆయన పక్కనే నిలబడి వింటోంది. ఆ మాట ఆ పిల్ల వినకుండా ఉంటే బాగుండేదని నాకనిపించింది. కానీ ఆమె వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ప్రింటు తీయించుకుందాం నాన్నా. గోడ మీద ఖాళీగా ఉంటే నువ్వు ఉండలేవు” అంది. హాస్టల్‌కి చిన్నది తీయనా అని అడిగాను. వద్దంది.

దొరికిన ఆ పాత ఫైలే స్క్రీను మీద తెరిచాను. ఇందులో రంగులు వెలవలేదు. ఆనాడు నా స్నేహితురాలు వదిలినట్టే ఉంది మొహం. ఇలాగే తీసేయనా అని అడిగితే ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని చూశారు.

“ఆవిడ చామనచాయండి,” అన్నారు ఉన్నట్టుండి. “మీరు తెల్లగా చేసేశారు.”

మేం కావాలని చేసింది కాదు. ఆనకట్ట మీద ఎండకి వెలిసినట్టున్న ఫోటో అది, మరదలి ఫోటోనేమో స్టూడియోవాళ్ళు తెల్లగా తీశారు. రెండూ కలిపేసరికి అలా వచ్చింది. ఆనాడు ఆయన ఆ సంగతి పట్టించుకోలేదు, లేక చెప్పలేకపోయారు. నేను మొహం వరకు ఎంచుకుని కొంచెం నలుపు చేశాను. ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం చేశాను. ఆయన కూతురి చేతిని తీసుకుని స్క్రీను పక్కన పెట్టి చూశారు, చీరల షాపులో రంగు సరిచూసినట్టు. ఇంతకన్నా చాయ తక్కువే అన్నారు. మళ్ళీ చేశాను. మొహంతో పాటు కళ్ళకింద నీడ మారింది, పెదాల రంగు మారింది. ఒకచోట, “చాలండి” అన్నారు. అక్కడ ఆపాను.

వాళ్ళు ప్రింటు ఆరేదాకా కూర్చుని, పాత ఫ్రేములోనే బిగించుకుని, ధవళేశ్వరం ఆటో ఎక్కారు. ఆ అమ్మాయి ఫ్రేముని ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంది.

ఆ సాయంత్రం విశాఖపట్నానికి ఫోన్ చేశాను. నా స్నేహితురాలికి మొత్తం చెప్పాను. అటువైపు టీవీ చప్పుడు వినిపిస్తోంది, మధ్యలో ఎవరో తగ్గించారు. తర్వాత, “నువ్వప్పుడు గీతల్లో వేద్దామన్నావు కదే,” అంది. అప్పుడు ఒక్కసారి అన్నాను, అంతే, అక్కడితో వదిలేశాను. ఆమెని కష్టపెట్టకూడదని వదిలేశానని ఇన్నేళ్ళ తర్వాత చెబితే, ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుంది.

“రంగు ఎలా వచ్చింది?” అని అడిగింది.

బాగా వచ్చిందని చెప్పాను.